లారీ నుదుటి పేరు, కళాశాల చిట్టాలోని పేరు

ఏటేట సెప్టెంబరు 17వ తేదీన, విశ్వకర్మ పూజనాటి ఉదయమున, తెరుబలిలో లారీలు నిలుచు తావులను ఒకసారి చుట్టివచ్చిన పాఠకులకు మేము చెప్పబోవు సంగతి సగము అక్కడనే బోధపడును. కడిగి, తుడిచి, బొట్లు పెట్టిన బండ్లు వరుసగా నిలిచియుండును. ఒక్కొక్కదాని నుదుట రేకుతో చేసిన కిరీటము, దానిచుట్టు రంగుబల్బుల తోరణము, తలుపులమీద నెమళ్ళు, తొట్టి ప్రక్కల తామరపూవులు, వెనుక పలకమీద నాలుక చాచిన దిష్టిబొమ్మ, చక్రముల కడ వ్రేలాడు నల్లని కుచ్చులు, బంపరునకు నిమ్మకాయలును మిరపకాయలును. మన ఒడియా ఇరుగుపొరుగువారికి ఇది యేటి కెల్ల పెద్ద యంత్రపూజ. మనకు దీనితో తీరదు. కొన్ని వారములకే దసరా వచ్చును. ఆయుధపూజ పేరిట అదే బండికి మరల పూలు, మరల రంగు, మరల ఖర్చు. ఇటు విశ్వకర్మను విడువలేము, అటు ఆయుధపూజను మానలేము. సరిహద్దున కాపురమున్నవారికి పండుగలు రెట్టింపు, బిల్లులును రెట్టింపే.

ఆ వరుసలో మన తెలుగువారి బండ్లేవో పోల్చుకొనుట కష్టము కాదు. కిరీటముమీద తెలుగక్షరములలో కూతురి పేరో కొడుకు పేరో వ్రాసియుండును. ఆ పేర్లను ఒక్కొక్కటిగా చదువుకొనుచు పోవుచుండగా మాకు కలిగిన ప్రశ్న ఒక్కటే. ఈ పేర్లుగల పిల్లల పైచదువుల కొరకు ఈ బండ్ల సంపాదనలో నుండి ఏమి ప్రక్కకు తీయబడుచున్నది? ఈ ప్రశ్నను పరులకు వేయుటకు ముందు మేము మా ఇంటి లెక్క చెప్పుకొనవలసియున్నది. చెప్పుకొందుము.

అంతకు ముందు ఒక అపోహను తొలగింపవలెను. లారీకి అలంకారమే కూడదని మేము వాదించుట లేదు. డ్రైవరునకు లారీ కేవలము ఇనుపతొట్టి కాదు. నెలలో ఇరువది దినములు అదియే వాని ఇల్లు, అదియే వాని పూజగది. ఇంటి గడపకు పసుపు వ్రాయుట ఎట్టిదో బండి తలుపునకు బొమ్మ వేయించుట అట్టిది. ఈ వేడుక మనకొక్కరికే చెందినదియు కాదు. పాకిస్తానులో లారీమీద వ్రేలెడు చోటు విడువకుండ చిత్రించుట ఒక గొప్ప కళగా వర్ధిల్లినది. జపానులో 1975 మొదలు 1979 వరకు లారీవాండ్రను గూర్చి వరుసగా చలనచిత్రములు వచ్చి, దీపములతోను తళతళలాడు రేకులతోను లారీలను ముంచివేయు వెఱ్ఱిని దేశమంతట వ్యాపింపజేసినవి. ఇక మన సంగతి మరియొకటి కలదు. మన వీథులలో దుకాణముల పలకలు ఒడియాలోను ఇంగ్లీషులోను ఉన్నవి. బడిలో చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో నడచుచున్నది. మా కుమారుడు తెలుగక్షరములను మొట్టమొదట కూడబలుకుకొని చదివినది మా లారీమీద వ్రాసిన తన అక్క పేరునే. అట్టి వ్రాతను దండుగ యని మేమెట్లనగలము?

లారీ మన ఇండ్లలో ఇంతటి స్థానమునెట్లు సంపాదించెనో క్రొత్తతరమువారికి కొంచెము చెప్పవలెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడువరకు ఈ సీమ మద్రాసు రాజధానిలో విశాఖపట్టణపు ఏజెన్సీగా ఉండెను. మన పెద్దలలో కొందరు అప్పటికే ఇచట స్థిరపడినవారు. వారు ఊరు మారలేదు, ఊరే రాష్ట్రము మారినది. 1961లో స్థాపింపబడిన ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో ఎల్లాయ్స్ వారి కర్మాగారము నాగావళి ఒడ్డున తెరుబలిలో వెలసినది. 1962లో రాయగడకు చేరువను జయకయపురము కాగితపుమిల్లు వచ్చినది. ఫ్యాక్టరీలో పని దొరకినవారు ఉద్యోగస్థులైరి. దొరకనివారు చక్రమును నమ్ముకొనిరి. జాజపూరు జిల్లా సుకిందా గనుల క్రోమైటు లోనికి వచ్చుటయు, ఫెర్రోక్రోము బయటికి పోవుటయు, వెదురును కఱ్ఱయు మిల్లునకు చేరుటయు, తరువాతి కాలమున దొరగుడ అల్యూమినా కర్మాగారపు రాకపోకలును, ఇవన్నియు బండ్ల పనులే. క్లీనరుగా చేరినవాడు డ్రైవరగుట, డ్రైవరు పదియేండ్ల కూడికతో ఒక పాతబండి కొనుట, పాతబండి యజమాని ఫైనాన్సుమీద క్రొత్త ఛాసీ తెచ్చుట, ఇది మన కుటుంబములు పెక్కింటి చరిత్ర. భూమి లేనివారికి లారీయే భూమి. అందుచేతనే దానికి ముస్తాబు. ఈ మర్మమును గ్రహింపక ఆడంబరమని ఈసడించువారు మన జీవితము నెరుగరు.

ఇక మా లెక్క. 2016లో మేము పదిచక్రముల ఛాసీ తెచ్చి బాడీ కట్టించితిమి. మొత్తము రూ. 4,60,000 అయినది. కఱ్ఱకు, రేకునకు, కమ్మరి వడ్రంగుల కూలికి పోయినదానిని వేరుచేసి చూడగా, కిరీటము, స్టీలు బంపరు, ఇనుప చట్రములు, దీపములు, పాటల పెట్టె, బొమ్మలు, వీనికి మాత్రమే రూ. 1,40,000 అయినట్లు తేలినది. ఆనాడు ఈ లెక్క వేయలేదు. బాడీ షెడ్డులో నిలుచున్న మనిషికి లెక్క తోచదు. ప్రక్కబండికి రెండు వరుసల దీపములున్నచో మన బండికి మూడు వరుసలు కావలెననిపించును. 'బండి ఒకసారే కదా కట్టేది, మావయ్యా' యని మేస్త్రీ యనును. అతడన్నది నిజము కాదని తెలియుటకు నాలుగేండ్లు పట్టును. రంగు వెలసి, రేకు త్రుప్పుపట్టి, దీపములు సగము ఆరిపోయి, మరల అదే షెడ్డునకు పోవుదుము. మజ్జిగౌరమ్మ గుడికడ కొబ్బరికాయ కొట్టించి, నుదుట మా అమ్మాయి పేరుతో బండిని రోడ్డెక్కించితిమి. ఆమె అప్పుడు పదవతరగతి.

2019లో ఆమె ప్లస్ టూ ముగించి ఇంజనీరింగు చదువుదుననెను. ఆంధ్రలో బంధువులున్న ఊరికి సమీపమున ఒక ప్రైవేటు కళాశాలను చూచితిమి. మొదటి సంవత్సరపు ఫీజు, వసతిగృహము, పుస్తకములు కలిసి రూ. 1,90,000. గడువు పది దినములు. చేతిలో పదునెనిమిది వేలు కలవు, అవియు టైర్ల కొరకు ఉంచినవి. ఆ రాత్రి భోజనముల వేళ అమ్మాయి ఒక మాట అనెను: 'నాన్నా, లారీమీద నా పేరు రాయించేరు, బాగుంది. కాలేజీ రిజిస్టర్లో రాయించడానికి కూడా అప్పుడే కొంచెం దాచి ఉంటే ఇంకా బాగుండేది కదా.' ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. అందుచేతనే మాకు నిద్ర పట్టలేదు.

సొమ్ము రెండురూపాయల వడ్డీకి తెచ్చితిమి. నెలకు రూ. 3,800 వడ్డి. మరుసటి వేసవిలో కరోనా వచ్చి బండి నిలిచిపోయినది, వడ్డి నిలువలేదు. ఇరువదిరెండు నెలలు అసలు కదలక వడ్డియే కట్టితిమి. ఆ మొత్తము రూ. 83,600. ఆ లక్షా నలుబదివేలను 2016లో బ్యాంకున మూడేండ్లకు వేసియుండినచో దాదాపు లక్షా డెబ్బదివేలై మొదటి సంవత్సరపు ఖర్చులో చాల భాగమునకు సరిపోవుచుండెను. కిరీటమును అమ్మజూచితిమి. పాతసామానులవాడు దానిని తూకమునకు అడిగెను.

ఇది మా ఒక్కరి తెలివితక్కువ యైనచో ఇక్కడ వ్రాయవలసిన పని లేకుండెను. మన కుటుంబములకు ఈ పొరపాటు ఇతరులకంటె ఎక్కువ ఖరీదగుటకు ఒక కారణము కలదు. దానిని తల్లిదండ్రులందరు శ్రద్ధగా గమనింపవలెనని కోరుచున్నాము.

పార్వతీపురములోని మా బావగారికి కూడ లారీ కలదు, దానికిని కిరీటము కలదు. వారి అబ్బాయి మా అమ్మాయితోపాటే ఇంజనీరింగులో చేరెను. కాని ఆ పిల్లవాని ఫీజులో చాల భాగమును ఆంధ్రప్రభుత్వము భరించెను. అతడు స్థానికుడు, మన పిల్ల పరస్థలి. 1973లో జరిగిన ముప్పదిరెండవ రాజ్యాంగ సవరణచే 371-డి అధికరణమేర్పడినది. దానిననుసరించి వెలువడిన ఉత్తర్వులచే ఆంధ్రలోని కళాశాలలలో నూటికి 85 సీట్లు స్థానికులవి. స్థానికుడగుటకు సామాన్యముగా అర్హతాపరీక్షకు ముందు వరుసగా నాలుగు సంవత్సరములు అచట చదివియుండవలెను. మిగిలిన 15 సీట్లకును ఆ రాష్ట్రముతో దీర్ఘకాల సంబంధము చూపవలసియుండును. మన పిల్లలకు మిగులునది యాజమాన్యపు కోటా, దాని పూర్తి ఫీజు. ఇంట తెలుగు మాటలాడుదుము, తెలుగు పంచాంగము చూతుము. కళాశాల కిటికీ కడ మాత్రము ఒడిశావారము. ఈ నియమమును మేము నిందించుట లేదు. వెనుకబడిన ప్రాంతముల పిల్లల రక్షణకై అది పుట్టినది. అది మనకు వర్తింపదని తెలిసికొని ముందే సొమ్ము కూర్చుకొనుట మన పని.

ఇందులో మరియొక చిక్కు కలదు. చాలమంది మనవారు పదవతరగతి కాగానే పిల్లలను విశాఖపట్టణమునకో విజయవాడకో రెండేండ్ల ఇంటర్మీడియెటునకు పంపుచున్నారు. వసతితో కూడిన ఆ రెండేండ్లకే ఒక బాడీ ఖర్చగును. ఫలితమేమి? నాలుగేండ్లు నిండలేదు గనుక ఆంధ్రలో స్థానికులు కారు. ఎన్.ఐ.టి.లలో సుమారు సగము సీట్లు సొంతరాష్ట్రపు విద్యార్థులకు కేటాయింపబడును. అచట రాష్ట్రమును నిర్ణయించునది పండ్రెండవ తరగతి ఎచట ఉత్తీర్ణులైరను విషయము. కావున ఆ పిల్లలకు రూర్కెలాలో ఒడిశావారి వాటా కూడ తప్పిపోవును. రెంటికి చెడిన రేవడి యనగా ఇదియే. ఇచటనే ప్లస్ టూ చదివిన పిల్లకు ఆ హక్కు నిలిచియుండును. మరియు కొరాపుటిలో 2009లో నెలకొనిన కేంద్రీయ విశ్వవిద్యాలయమున్నది, 2017లో ప్రారంభమైన వైద్యకళాశాల యున్నది, గుణుపురమున 1997 నుండి ఇంజనీరింగు కళాశాల నడచుచు నేడు విశ్వవిద్యాలయమైనది. విజయనగరము కడ 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము కేంద్రప్రభుత్వానిది గనుక అచట ఈ స్థానిక పరస్థల భేదము అడ్డురాదు. వీనిని విచారింపకయే మేము ఆంధ్రకు పరుగెత్తితిమి. తెలుగుగాలి తగులునని ఆశ.

ఒక్క మాట ఇక్కడ అప్రస్తుతమైనను చెప్పక పోలేము. 1951లో స్వర్గస్థులైన జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు యేటేట లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చిరి. అచటి విజ్ఞాన కళాశాల వారి పేరిట వెలసినది. ఆ లక్ష కొరాపుటి కొండలు పండించిన లక్ష. నేడు ఆ కొండల నుండి పోయిన తెలుగుపిల్లవాడు ఆ గుమ్మము కడనే పరస్థలుడని వ్రాయించుకొనవలసివచ్చినది. చరిత్ర ఎవరికిని రసీదు వ్రాసి ఇయ్యదు.

లారీ విషయమునకు తిరిగి వత్తము. అలంకారమునకు పెట్టిన ఖర్చు పెట్టిననాటితో తీరిపోవునని మనము తలంతుము. అది నిజము కాదు. మన బండ్లు మోయునది ఫెర్రోక్రోము, ఖనిజము. ఇవి ప్రత్తి వంటివి కావు. తొట్టి సగము నిండకముందే తూకము నిండును. పదిచక్రముల బండి మొత్తము బరువు 25 టన్నులు మించరాదని పూర్వపు నియమము. 2018 జూలైలో దానిని 28.5 టన్నులకు పెంచిరి. ఈ 28.5లో బండి బరువును చేరియున్నది. అనగా బండికి తగిలించిన ప్రతి కిలో ఇనుమునకు ఒక కిలో సరకు తగ్గును. మేము ఒకనాడు ఈ ముస్తాబునంతను విప్పించి కాటాపై తూపించితిమి. మూడువందల కిలోలున్నది. టన్నుకు వేయి రూపాయల కిరాయి యనుకొన్నచో ప్రయాణమునకు మూడువందలు నష్టము. ఏటికి నూరు ప్రయాణములైనచో ముప్పదివేలు. నాలుగేండ్లకు లక్షా ఇరువదివేలు. కొన్నప్పటి ఖరీదు అదిగాక ఇది. ఎత్తైన కిరీటము గాలికెదురు నిలిచి త్రాగించు డీసెలును మేము లెక్కింపనే లేదు.

చట్టము సంగతియు తెలిసికొనదగినది. 1988 నాటి మోటారు వాహన చట్టము 52వ విభాగముననుసరించి రిజిస్ట్రేషనులో వ్రాసిన వివరములకు భిన్నముగా బండి నిర్మాణమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా స్థిరపరచినది. రంగు వేరు, నిర్మాణము వేరు. బొమ్మలు వేసినంత మాత్రమున నేరము కాదు. కాని ఆ సంవత్సరమే జరిగిన సవరణచే, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు యజమానికి అయిదువేల జరిమానా, లేక ఆరునెలల వరకు శిక్ష, లేక రెండును విధింపవచ్చును. పలుస్వరముల హారనులు కేంద్రనియమములచే నిషిద్ధములు. మహారాష్ట్రలో 2015లో 'హారన్ ఓకే ప్లీజ్' అను వ్రాతనే వలదనిరి. సాలూరు ఘాటులో రాత్రివేళ ఎదురుబండి తెల్లని దీపములు కండ్లలో పడి ఎడమప్రక్క లోయ కనబడక గుండె ఆగిన అనుభవము మన డ్రైవర్లలో ఎవరికి లేదు? ఆ దీపములను తగిలించువారును మనవారే.

కాగా, బండికి పెట్టు ఖర్చంతయు ఒక్కటి కాదు. డ్రైవరు నడుమునకు ఆదరువైన సీటు, కురియని మంచి టార్పాలిను, వెనుకనుండి వచ్చువానికి స్పష్టముగా కనబడు ప్రతిఫలకపు పట్టీలు, క్యాబిన్‌లో గాలి, ఇవి అలంకారములు కావు. 2025 అక్టోబరు 1వ తేదీ తరువాత తయారగు మధ్యతరహా, భారీ లారీలన్నిటి క్యాబిన్లకు శీతలయంత్రముండవలెనని కేంద్రప్రభుత్వమే నిర్ణయించినది. మే నెలలో ఇంజను ప్రక్కన కూర్చున్నవాని బాధ ఇన్నాళ్ళకు ప్రభుత్వమునకు తెలిసినది. పాతబండి గలవారు ఈ వసతులకు సొమ్ము పెట్టినచో మేము తప్పుపట్టము. చూచువాని కంటికి పెట్టినదెంత, నడుపువాని ఒంటికి పెట్టినదెంత యని వేరుచేసి వ్రాసికొన్నచో చాలును. ఆ కాగితమే తక్కిన మాట చెప్పును.

'అలంకారము లేకున్న పరువు పోవును, డ్రైవరు నిలువడు, లోడు దొరకదు' అని మన మిత్రులు కొందరు వాదింతురు. పరువు మాట నిజమే. పెండ్లికి పోయినప్పుడు బండిని గూర్చి అడుగువారున్నారు. మంచి బండి గల యజమాని కడ డ్రైవరు నిలుచుటయు కొంతవరకు సత్యమే, కాని వానిని ఎక్కువగా నిలుపునది నెల మొదట చేతికి వచ్చు జీతము. లోడు విషయము మాత్రము మేమంగీకరింపము. వరుస చొప్పున లోడు పంచు చోట నెమలిబొమ్మను చూచి ముందుగా పిలుచువారెవరును లేరు. అమ్మకమున కూడ కొనువాడు ఇంజను చప్పుడు వినును, టైరు గీతలు చూచును, కాగితములు అడుగును. మన బిడ్డ పేరును చెరిపించుటకగు ఖర్చును ధరలో తగ్గించుకొనును.

ఇక కూడబెట్టుట ఎట్లు? లారీవానికి నెలజీతము లేదు. వానలలో ఘాటు కూలును, ఫ్యాక్టరీలో మరమ్మతు వచ్చును, ఒక నెల పండ్రెండు ప్రయాణములు, ఒక నెల నాలుగు. అందుచేత నెలకింత యని వ్రతము పట్టినవారు మూడవనెలలో భంగపడుదురు. మేము అనుభవముమీద నేర్చినది ప్రయాణమునకింత యని తీయుట. కిరాయి చేతికి రాగానే డీసెలు, డ్రైవరు బత్తా, వాయిదా, వీనితోపాటే చదువు వాటా అయిదువందలు. రంగుసొమ్ము అన్నిటికి చివర, మిగిలిననాడే. సగటున నెలకు పది ప్రయాణములైనచో అయిదువేలు. పోస్టాఫీసు అయిదేండ్ల రికరింగు డిపాజిట్టుపై 2025లో వడ్డి నూటికి 6.7, ఆ లెక్కను నెలకు అయిదువేల చొప్పున కట్టిన మూడులక్షలు అయిదేండ్లకు సుమారు రూ. 3,56,800 అగును. తక్కువ ప్రయాణములైన నెలకు ఎక్కువ ప్రయాణములైన నెలలోని మిగులు ఆదుకొనును. దానికి ఇంటిలో ఒక డబ్బా చాలును. ఆ డబ్బా ఇల్లాలి చేతిలో నుండవలెను. ఇది మర్యాదకై చెప్పు మాట కాదు. షెడ్డునకు పోయి మేస్త్రీ మాటలు వినునది ఆమె కాదు గనుక చెప్పుచున్నాము.

పదియేండ్లలోపు ఆడపిల్లలున్నవారికి 2015లో వచ్చిన సుకన్యా సమృద్ధి ఖాతా కలదు. ఏటికి లక్షా యేబదివేల వరకు కట్టవచ్చును. పిల్లకు పదునెనిమిదేండ్లు వచ్చినపిదప, లేక పదవతరగతి ముగిసినపిదప, నిలువలో సగము వరకు చదువునకు తీసికొనవచ్చును. 2024లో దాని వడ్డి నూటికి 8.2. ఆ పథకము వచ్చునప్పటికే మా అమ్మాయికి పదియేండ్లు దాటినవి, మాకు ఆ భాగ్యము లేకపోయినది. నమోదులేని చీటీలలో చదువుసొమ్మును వేయకుడని మాత్రము బ్రతిమాలుచున్నాము. చీటీపాట ముగియునాటికి పాడినవాడు ఏ రాష్ట్రమున నుండునో, సరిహద్దు ఊళ్ళవారికి చెప్పనక్కరలేదు.

అప్పే చేయవలసివచ్చినచో బ్యాంకు విద్యాఋణము కలదు. నాలుగు లక్షల వరకు సామాన్యముగా తాకట్టు అడుగరు. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వమంగీకరించిన పీఎం విద్యాలక్ష్మి పథకమున ఎంపికచేసిన మేలైన సంస్థలలో చేరువారికి, కుటుంబాదాయము ఎనిమిది లక్షలలోపైనచో, పది లక్షల ఋణము వరకు వడ్డిలో నూటికి మూడు రాయితీ యున్నది. రెండురూపాయల వడ్డి యనగా ఏటికి నూటికి ఇరువదినాలుగు. బ్యాంకు వడ్డి దానిలో సగమునకంటె తక్కువ. మరి మేమేల పోలేదు? బ్యాంకు కాగితములకు వారములు పట్టును, మా గడువు పది దినములు. ఫలితములు వచ్చిననాడు కాదు, ప్లస్ టూ చివరి సంవత్సరపు దసరానాటికే ఆదాయపత్రము, నివాసపత్రము, పన్ను కాగితములు చేతికి తెచ్చికొనియుండవలెను.

కొందరు కుమారులు తమంతట తామే కళాశాల వద్దనుచున్నారు. బండి కావలెను, దానికి దీపములు కావలెను. వారిని చదువురానివారని కొట్టివేయుట మాకిష్టము లేదు. ఘాటురోడ్డుమీద ఇరువదియెనిమిది టన్నులను దింపుట చిన్నవిద్య కాదు. వారి కొరకు కూడ సొమ్ము దాచవలసినదే; ఐ.టి.ఐ.కో, డిప్లమాకో, కాకున్న తన సొంతబండి మొదటి చెల్లింపునకో అది పనికివచ్చును. రేకునకు అతికించిన సొమ్ము మాత్రము ఈ మూడింటిలో దేనికిని ఊడిరాదు.

మా అమ్మాయి చదువు 2023లో ముగిసినది. ఉద్యోగములో కుదిరి, తమ్ముని ఫీజులో తానును కొంత ఇత్తుననుచున్నది. తమ్ముడిప్పుడు ఇచటనే ప్లస్ టూ చదువుచున్నాడు. మొన్న బండిని రంగునకు తీసికొనిపోయితిమి. పెయింటరు పాతబొమ్మల పుస్తకము తెరచి కిరీటము మరల కట్టింతురా యని అడిగెను. వలదంటిమి. తలుపులకు తామరపూవులు చాలునంటిమి, ఎండుటాకు రంగు ఒక్కపూత వేయుమంటిమి. నుదుట ఏ పేరు వ్రాయవలెనని అడిగినప్పుడు అక్కాతమ్ముల ఇద్దరి పేర్లును తెలుగులో వ్రాయించితిమి. ఆ అక్షరములకు అతడు తొమ్మిదివందలు తీసికొనెను. పోస్టాఫీసు పుస్తకములో ఆ దినమునకు రెండు లక్షల పదునొకండు వేలున్నది. వచ్చు జూను వరకు దానిని కదలింపము.